కొవ్వు గోలీతో చక్కెర దిగుతుందా?

రక్తంలో కొవ్వు తగ్గించడానికి రాసే మందు ఒంట్లో ఇన్సులిన్‌కీ సాయం చేస్తుందంటున్నారు డాక్టర్లు. అదెలా సాధ్యం? ఆ మందు వేసుకునే ముందు ఆడవాళ్లు తెలుసుకోవాల్సిందేమిటి? ఈ కథలో మన హైదరాబాద్‌కి ఉన్న పాత్ర ఎంత?

హయత్‌నగర్‌లో మా వీధి మలుపులో ఓ మందుల షాపుంది. పొద్దున్నే నడక ముగించుకొచ్చే ఆడవాళ్లు దాని అరుగు మీద కాసేపు కూర్చుంటారు. పాల ప్యాకెట్లు, కరివేపాకు, పిల్లల ఫీజులు, కోడళ్ల కబుర్లు... అన్నీ అక్కడే. ఈమధ్య ఆ కబుర్లలోకి ల్యాబు రిపోర్టులు కూడా వచ్చి చేరాయి.

మొన్నొకరోజు మా ఎదురింటి వదినె చేతిలో కొత్త చీటీ ఉంది. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు 380. ఉండాల్సింది 150 లోపు. షుగరు ఎలాగూ ఆరేళ్లుగా ఉంది.

"వదినె, ఈ కొత్త గోలి చక్కెరకా, కొవ్వుకా?" అని పక్కింటామె అడిగింది.

"నాకేం ఎర్క! రెండిట్లకూ పని చేస్తదన్నడు డాక్టరు. కొవ్వు తగ్గితే చక్కెరెట్ల తగ్గుతదో నాకైతే సమజ్ కాలె."

పక్కనే కూర్చున్న పెద్దావిడ కాళ్లు చాపి చూపించింది. "నాకు అసొంటిదే ఏదో రాసిండ్రు. షుగరు దిగింది గానీ పాదాలు చూడు, బూరెల్లెక్క పొంగినయ్. అందుకే వారం సంది ఇడిసిపెట్టిన. డాక్టరుకు చెప్పలె."

ఇద్దరి మాటలూ విన్నాక నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఒకామె ఎందుకో తెలియకుండా మందు మొదలుపెడుతోంది. ఇంకొకామె ఎవరికీ చెప్పకుండా ఆపేసింది. మన ఇళ్లల్లో జరిగేదంతా ఇదే కదా! అందుకే ఈ కొవ్వు-చక్కెరల చుట్టరికమేమిటో కాస్త వివరంగా చూద్దాం.

గుమ్మి నిండితే...

కొవ్వు అనగానే మనకి శత్రువులా కనిపిస్తుంది. నిజానికి ఒంట్లో కొవ్వు ఉండటం తప్పు కాదు. అది ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న.

పాతకాలంలో రైతు ఇంట్లో గుమ్మి ఉండేది. పంట రాగానే వడ్లన్నీ అందులో పోసి మూత వేసేవారు. ఇల్లు శుభ్రంగా ఉండేది. మరి గుమ్మి నిండిపోతే? మిగిలిన వడ్లు వసారాలో, మంచాల కింద, చివరికి పొయ్యి పక్కన కూడా పోయాల్సి వచ్చేది. అప్పుడు వంట చేసే ఇల్లాలికి కాలు పెట్టే చోటు ఉండదు.

మన చర్మం కింద, ముఖ్యంగా తుంటి దగ్గర, తొడల దగ్గర ఉండే కొవ్వు కణజాలమే ఆ గుమ్మి. తిన్నదాంట్లో మిగిలింది అక్కడ దాచుకుంటాం. ఆ కణాలు ఇక పట్టనంతగా ఉబ్బిపోతే కొవ్వు రక్తంలోకి పొర్లుతుంది. కాలేయంలో, కండరాల్లో, పొట్ట లోపల పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడ దానికేం పని లేదు. పైగా ఇన్సులిన్‌కి అడ్డం పడుతుంది. ఇన్సులిన్ వచ్చి 'ఈ చక్కెరని లోపలికి తీసుకో' అంటే కండరం వినదు. 'ఇక చక్కెర తయారీ ఆపు' అంటే కాలేయం వినదు. దీన్నే డాక్టర్లు ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఆ మొండితనం తగ్గి కణాలు మళ్లీ ఇన్సులిన్ మాట వింటే, ఇన్సులిన్ పట్ల స్పందన పెరిగిందని అర్థం.

కొవ్వు కణజాలం అసలే లేకపోతే బాగుంటుందనుకుంటే అదీ పొరపాటే. పుట్టుకతోనే ఆ కణజాలం లేకుండా పోయే అరుదైన జబ్బు ఒకటి ఉంది. ఆ రోగులు చూడటానికి ఎముకలకి కండ అంటించినట్టు ఉంటారు. కానీ వాళ్లకి చిన్న వయసులోనే తీవ్రమైన మధుమేహం వస్తుంది, కాలేయం నిండా కొవ్వు పేరుకుంటుంది. ఇంట్లో గుమ్మే లేకపోతే వడ్లన్నీ వంటింట్లోనే కదా!

సన్నగా ఉన్నా...

మన భారతీయుల గుమ్మి చిన్నది. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ తమ ఇద్దరి ఫొటోనీ, కొలతల్నీ 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చు వేయించారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ఇద్దరిదీ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండు డాక్టరుకి 9.1 శాతం, మన డాక్టరుకి 21.2 శాతం! పైకి సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోసే ఒళ్లు మనది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నడుము కొలతలు కూడా తీసుకున్నారు. పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవాళ్లు మగవాళ్లలో 12 శాతం ఉంటే, ఆడవాళ్లలో 40 శాతం. ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో వేసిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. కాబట్టి మందుల షాపు అరుగు మీద జరిగే ఈ చర్చ మా వీధి ఒక్కదానిదే కాదు.

వెతికింది ఒకటి, దొరికింది ఒకటి

కొవ్వు తగ్గించే మందుకీ చక్కెరకీ ముడి పడింది అనుకోకుండానే. 1970ల్లో జపాన్‌లోని టకేడా కంపెనీ శాస్త్రవేత్తలు క్లోఫైబ్రేట్ అనే పాత కొవ్వు మందుని పట్టుకుని, అలాంటివే మరికొన్ని తయారుచేసి చూస్తున్నారు. వాటిల్లో కొన్ని మధుమేహం ఉన్న ఎలుకల్లో చక్కెరని కూడా తగ్గించాయి. ఆ దారిలోనే గ్లిటజోన్లు అనే మందుల కుటుంబం పుట్టింది. మనకి బాగా తెలిసిన పయోగ్లిటజోన్ ఆ ఇంటిదే.

ఇవి ఎలా పనిచేస్తాయో 1995 దాకా అంతు చిక్కలేదు. కొవ్వు కణాల్లో పీపీఏఆర్-గామా అనే ఒక మీట ఉంటుందనీ, ఈ మందు వెళ్లి దాన్ని నొక్కుతుందనీ అప్పుడు తేలింది. మీట నొక్కగానే చర్మం కింద కొత్త కొవ్వు కణాలు పుడతాయి. చిన్నవి, ఖాళీవి, ఆకలితో ఉన్నవి. అవి రక్తంలో తిరిగే కొవ్వుని లోపలికి లాక్కుంటాయి. కాలేయం మీద, కండరాల మీద భారం తగ్గుతుంది. కొవ్వు కణాలే అడిపోనెక్టిన్ అనే హార్మోనుని ఎక్కువగా విడుదల చేస్తాయి. అది కాలేయానికి ఇన్సులిన్ మాట వినడం నేర్పుతుంది.

అంటే ఈ మందు వడ్లని పారబోయదు. కొత్త గుమ్మి కట్టిస్తుంది! అందుకే పయోగ్లిటజోన్ వేసుకున్నవాళ్లలో చాలామందికి చక్కెర దిగుతుంది, బరువు మాత్రం రెండు మూడు కిలోలు పెరుగుతుంది. '2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన బజారులోకి వచ్చాయి. బరువు తగ్గితేనే కదా షుగరు తగ్గేది, మరి ఇదేమిటి తిరకాసు?' అని అడిగేవాళ్లకి జవాబు ఇదే. బరువు ఎంతన్నది ఒక లెక్క. కొవ్వు ఎక్కడుందన్నది ఇంకో లెక్క.

ఈ గామాకి ఆల్ఫా అనే తోబుట్టువు ఉంది. దాని కాపురం ఎక్కువగా కాలేయంలో. ఆల్ఫా మీట నొక్కితే కాలేయం కొవ్వుని కరిగించి వాడుకుంటుంది, ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. ఫెనోఫైబ్రేట్ లాంటి కొవ్వు మందులు చేసే పని అదే. మరి రెండు మీటల్నీ ఒకే గోలీతో నొక్కితే? ఒక దెబ్బకి రెండు పిట్టలు! ఆ ఆశతో పుట్టినవే గ్లిటజార్లు. వదినె చీటీలో ఉన్నదీ ఆ రకమే.

మెట్రో ఆ చివరన...

హయత్‌నగర్ నుంచి బస్సులో ఎల్బీనగర్ వెళ్లి మెట్రో ఎక్కితే ఆ చివర స్టేషను మియాపూర్. మన రిపోర్టులు ఈ చివర ఉంటే, ఈ మందుల కథలో ఒక ముఖ్య ఘట్టం ఆ చివర జరిగింది.

డాక్టర్ కళ్లం అంజిరెడ్డి 1993లో మియాపూర్‌లో డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. అప్పటిదాకా మన కంపెనీలు విదేశాల్లో కనిపెట్టిన మందుల్ని చవగ్గా తయారుచేయడంలోనే ఘనులు. సొంతంగా కొత్త మందు కనిపెట్టాలన్నది ఆయన పంతం. అక్కడి శాస్త్రవేత్తలు ఎంచుకున్న జబ్బుల్లో మధుమేహం ఒకటి. 1997లో వాళ్లు తయారుచేసిన బాలాగ్లిటజోన్‌ని డెన్మార్క్‌కి చెందిన నోవో నార్డిస్క్ తీసుకుంది. ఒక భారతీయ కంపెనీ సొంత మందుని విదేశీ కంపెనీకి ఇవ్వడం అదే మొదలు. మరుసటి ఏడు రాగాగ్లిటజార్ కూడా వెళ్లింది. ఆల్ఫా, గామా రెండు మీటల్నీ నొక్కే మందు అది. మియాపూర్‌లో పుట్టిన గోలీ ప్రపంచమంతా చక్కెరనీ కొవ్వునీ ఒకేసారి దించుతుందని పత్రికలు రాశాయి.

2002 జులైలో ఆశ కూలింది. మనుషుల మీద చివరి దశ పరీక్షలు నడుస్తున్నాయి. అదే సమయంలో, ఎక్కువకాలం మందు ఇచ్చిన ఎలుకలకి మూత్రాశయంలో కణితులు కనిపించాయి. నోవో నార్డిస్క్ పరీక్షలు ఆపేసింది. బాలాగ్లిటజోన్ ఇంకొన్నేళ్లు నడిచినా, అదీ మందుల షాపు దాకా రాలేదు.

పెద్ద పెద్ద కంపెనీలదీ ఇదే అనుభవం. మ్యూరాగ్లిటజార్‌ని 2005లో అమెరికా నిపుణుల సంఘం దాదాపు ఒప్పేసుకుంది. అంతలో వేరే డాక్టర్లు ఆ లెక్కల్నే మళ్లీ తిరగేసి, గుండె జబ్బులు పెరుగుతున్నాయని చూపించారు. 2006లో దాన్ని వదిలేశారు. మూత్రపిండాల మీద అనుమానంతో టెసాగ్లిటజార్ కూడా అదే ఏడు ఆగిపోయింది.

మియాపూర్‌లో పనిచేసిన వాళ్లలో బ్రజ్ భూషణ్ లోహ్రే, విద్యా భూషణ్ లోహ్రే తర్వాత అహ్మదాబాద్‌లోని జైడస్ పరిశోధనశాలకి వెళ్లారు. అక్కడ రూపుదిద్దుకుందే సారోగ్లిటజార్. ఆల్ఫా మీటని గట్టిగా, గామా మీటని మెల్లగా నొక్కేలా దాన్ని తయారుచేశారు. 2013 జూన్‌లో మన దేశం దానికి అనుమతి ఇచ్చింది. ప్రపంచంలో ఏ గ్లిటజార్‌కైనా దక్కిన మొదటి అనుమతి అదే. అంజిరెడ్డిగారు ఆ మార్చిలోనే కన్నుమూశారు.

విచిత్రమేమిటంటే, ఆ జూన్‌లోనే ప్రభుత్వం పయోగ్లిటజోన్ అమ్మకాల్ని నిలిపేసింది. మూత్రాశయ క్యాన్సర్ భయమే కారణం. డాక్టర్లు, రోగులు గగ్గోలు పెట్టడంతో జులై ఆఖరున హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో మళ్లీ అనుమతించింది. దాని చెల్లెలు రోసిగ్లిటజోన్‌ని గుండె మీద అనుమానాలతో 2010లోనే మన దేశంలో నిషేధించారు. పెద్దక్క ట్రోగ్లిటజోన్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని 2000లోనే అమెరికాలో తీసేశారు.

అంకె దిగితే చాలా?

మరి సారోగ్లిటజార్ ఏం చేస్తుంది? అనుమతికి ముందు జరిగిన ఒక పరీక్షలో 24 వారాల పాటు రోజుకి 4 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లకి ట్రైగ్లిజరైడ్లు 45 శాతం దిగాయి. పయోగ్లిటజోన్ వేసుకున్నవాళ్లకి 15.5 శాతం. 2019లో వచ్చిన మరో చిన్న పరీక్షలో, ఇన్సులిన్‌కి ఒళ్లు ఎంత స్పందిస్తోందో సెలైన్ ఎక్కించి నేరుగా కొలిచారు. 30 మంది, నాలుగు నెలలు. ఈ మందు వేసుకున్నవాళ్లలో స్పందన మెరుగైంది. 2020లో మన దేశంలో కాలేయపు కొవ్వు జబ్బుకి కూడా దీన్ని ఆమోదించారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే కాస్త ఆగి ఆలోచించాలి. ఒక పరీక్షలో వంద మంది పైచిలుకు, ఇంకోదాంట్లో 30 మంది. గుండెపోట్లు తగ్గాయా, ఆయుష్షు పెరిగిందా అని తేల్చడానికి ఇవి చాలవు. దానికి వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి. అలా చూసినప్పుడు ఏం జరగొచ్చో 2022లో తెలిసింది. పెమాఫైబ్రేట్ అనే మందు ఆల్ఫా మీటని నొక్కుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న 10 వేల మందికి పైగా మధుమేహ రోగుల మీద దాన్ని పరీక్షించారు. అంకె నాలుగో వంతు దిగింది. గుండెపోట్లు, పక్షవాతాలు మాత్రం తగ్గలేదు!

రిపోర్టులో అంకె దిగడం వేరు, మనిషి బాగుపడటం వేరు. మొదటిది రెండోదానికి దారి కావచ్చు, కాకపోనూ వచ్చు.

దీనికి రివర్సులో ఇంకో కథ ఉంది. కొలెస్టరాల్‌కి రాసే స్టాటిన్లు చక్కెరని కొంచెం పెంచుతాయి. 'అయ్యో, అలాగైతే ఆపేస్తా' అనకండి! 2010లో 13 పరీక్షల్ని కలిపి లెక్క తీశారు. 255 మంది నాలుగేళ్లు స్టాటిన్ వేసుకుంటే కొత్తగా మధుమేహం వచ్చేది ఒక్కరికి. అదే సమయంలో అంతమందిలో ఐదారుగురికి గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పు తప్పుతుంది. అంకె కాస్త చెడినా ప్రాణానికి మేలే జరుగుతోంది. ట్రైగ్లిజరైడ్ల గోలీ వచ్చింది కదా అని కొలెస్టరాల్ గోలీ మానేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆడవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి

మందు మగవాళ్లకీ ఆడవాళ్లకీ ఒకేలా పనిచేస్తుందనుకుంటాం. గ్లిటజోన్ల విషయంలో అలా జరగలేదు. 2006లో వెలువడిన పెద్ద పరీక్షలో రోసిగ్లిటజోన్ వేసుకున్న ఆడవాళ్లలో 9.3 శాతం మందికి ఎముకలు విరిగాయి. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో 5.1 శాతమే. మగవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. పయోగ్లిటజోన్‌కీ ఇదే హెచ్చరిక ఉంది. కారణం ఆ మీటే. ఎముక మజ్జలోని మూలకణం ఎముక కణంగానైనా మారొచ్చు, కొవ్వు కణంగానైనా మారొచ్చు. మీట నొక్కితే అది కొవ్వు వైపు మొగ్గుతుంది. ముట్లుడిగిన ఆడవాళ్లకి అసలే ఎముకలు గుల్లబారుతుంటాయి. ఆ సంగతి డాక్టరుతో మాట్లాడకుండా ఈ మందు వేసుకోవడం మంచిది కాదు.

గ్లిటజోన్లతో ఒంట్లో నీరు నిలుస్తుంది. పాదాలు పొంగడం, రెండ్రోజుల్లో బరువు పెరగడం, పడుకుంటే ఆయాసం రావడం... ఇవి గుండె మీద భారం పడుతోందనడానికి గుర్తులు కావచ్చు. 'రోజంతా వంటింట్లో నిలబడ్డాను కదా, అందుకే' అని సరిపెట్టుకోవద్దు.

పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలకి ఇన్సులిన్ మొండితనం ఎక్కువ. పయోగ్లిటజోన్ లాంటివి ఇస్తే ఆగిపోయిన అండం విడుదల మళ్లీ మొదలవ్వొచ్చు, అనుకోని గర్భం రావొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సారోగ్లిటజార్ వాడకూడదు. కాబట్టి 'అమ్మకి రాసిన గోలీయే కదా, కూతురికీ ఒకటిద్దాం' అనే అలవాటు ఇక్కడ అస్సలు పనికిరాదు.

డాక్టరు కొత్త మందు రాసినప్పుడు ఈ నాలుగూ అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? ఒళ్లు మనది.

• ఈ గోలీ దేనికి? చక్కెరకా, కొవ్వుకా, కాలేయానికా?
• నేను వేసుకుంటున్న వాటిలో దేన్నైనా ఆపాలా? వేటిని ఆపకూడదు?
• ఏం కనిపిస్తే వెంటనే మీ దగ్గరికి రావాలి?
• ఎన్నాళ్లకి మళ్లీ పరీక్ష? అప్పుడు ఫలితం లేకపోతే మందు ఆపేస్తారా?

ఉప్మా నేర్పిన పాఠం

గోలీ లేకుండా ఒంటిని ఇన్సులిన్ మాట వినేలా చేయలేమా? మన చుట్టుపక్కల పల్లెల్లోనే దీనికో జవాబు ఉంది. 1987 నుంచి 1990 దాకా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌కి దగ్గర్లోని 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లలో అంగన్‌వాడీ పథకం కింద గర్భిణులకీ, ఆరేళ్ల లోపు పిల్లలకీ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా వండి పెట్టారు. 14 ఊళ్లలో ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక, 2003-05లో 1,165 మందిని వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇన్సులిన్ మొండితనం వాళ్లలో 20 శాతం తక్కువ!

అంగన్‌వాడీతో పాటు టీకాలు, ఇతర సేవలు కూడా అందాయి కాబట్టి ఘనతంతా ఉప్మాకే కట్టబెట్టలేం. కానీ కడుపుతో ఉన్న తల్లికి, పసిబిడ్డకి పెట్టిన పిడికెడు తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తపరీక్షలో కనిపించడం చిన్న సంగతా? కోడలు కడుపుతో ఉన్నప్పుడు 'బిడ్డ లావైతే కాన్పు కష్టం' అని తిండి తగ్గించే ఇళ్లు ఈ విషయం వినాలి.

వయసొచ్చినవాళ్లకీ దారి ఉంది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్నవాళ్లని మూడేళ్లు చూసి 2006లో ఫలితాలు ప్రకటించింది. నడక, తిండిలో మార్పులతో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ గోలీతో 26.4 శాతం. అంటే రెండూ సమానమే! నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండా చక్కెరని లాక్కుంటాయి. అయితే ఆడవాళ్లకి ఆ అరగంట దొరకాలి కదా! పొద్దున టిఫిను, బాక్సులు, బస్సు అయ్యాక మిగిలే సమయమెంత? ఇంట్లో మగవాళ్లు ఓ పూట పొయ్యి దగ్గర నిలబడితే అది కూడా వైద్యమే.

ఇంట్లో టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలుచుకోండి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే లిపిడ్ పరీక్ష, షుగరు పరీక్ష చేయించుకోవడం మంచిది. కాటా కన్నా టేపే నిజం చెబుతుంది.

ఇక మా అరుగు మీది కబురు. పాదాలు పొంగిన పెద్దావిడని వదినే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. గుండె పరీక్ష చేయించి, ఆ మందు తీసేసి వేరేది రాశారు. వదినె తన కొత్త గోలీ మొదలుపెట్టింది. స్టాటిన్ ఆపలేదు. మూడు నెలలకి మళ్లీ రిపోర్టు చూపించమన్నారట.

"అడిగితే కోపం చేస్తరనుకున్న. మంచిగనే చెప్పిండ్రు" అంది మొన్న, చీటీ మడిచి చెంగుకి ముడేసుకుంటూ.

మీరూ అడిగి చూడండి!